మంచమంత చోటు

మా బాబాయి ముందుగదిలోకి ఒకసారి ఒక పిల్లి దూరింది. బయటికి దారి దొరక్క అక్కడే కాపురం పెట్టి, మనవల్నీ మనవరాళ్లనీ వెంటేసుకుని తిరిగొచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా వీధంతా ఒప్పుకున్న సంగతే. కానీ ఇందులో ఆ పిల్లి తప్ప తక్కినదంతా జరిగిందే.

బాబాయి మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, టేబుల్ ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసేవాడు. వేరే దుకాణం లేదు, ఇంటి ముందుగదే దుకాణం. జనం వస్తువు ఇచ్చి వెళ్లేవారు, రెండ్రోజులు ఓపిక పట్టలేక కొత్తది కొనుక్కునేవారు, పాతది ఇక్కడే ఉండిపోయేది. ప్రతిదానికీ దారంతో ఒక చీటీ. ‘ఎర్ర గేటు వాళ్ల మిక్సీ.’ ‘దగ్గు మాస్టారి రేడియో.’ ‘నవ్వు నర్సమ్మ ఇస్త్రీపెట్టె.’ అలా పాతికేళ్ల చీటీలు. ఆ గదికి గోడలున్నాయని మాకు గుర్తే తప్ప కనబడి చాలా కాలమైంది. వీధి తలుపు నుంచి మేడమెట్ల దాకా మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగిలింది. పిన్ని ఏళ్ల తరబడి ఆ సందులో పక్కకి తిరిగే నడిచింది. చివరికి వెడల్పాటి రోడ్డు మీద కూడా ఒక భుజం ముందుకి పెట్టి నడవడం అలవాటైంది. నేను ఆటపట్టిస్తే, “నేనూ ఈ ఇంట్లో సామానేరా. మీ బాబాయి చీటీ కట్టడం మర్చిపోయాడు, అంతే,” అనేది.

ఒక మధ్యాహ్నం మేడ దిగుతుంటే ఆఖరి మెట్టు దగ్గర ఒక టేబుల్ ఫ్యాను వైరు ఆమె కాలికి చుట్టుకుంది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక జన్మలో మెట్లెక్కకూడదన్నాడు. పడకగది మేడ మీద. కింద ఉన్నవి ముందుగదీ, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటికి రావలసిన వంటగదీ. అందుకని పిన్ని ఆసుపత్రి నుంచి తిన్నగా వాళ్లక్క ఇంటికి వెళ్లింది. వెళ్తూ బాబాయితో ఒకే మాట అంది.

“మహలు అడగడం లేదు. ముందుగదిలో మంచమంత చోటు చెయ్యి, పదిరోజుల్లో వచ్చేస్తాను.”

పదిరోజులెందుకు, నాకైతే ఒక్క పూట చాలు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాక నేను నేర్చిన విద్య అదొక్కటే, సామాన్లు ఎత్తడం. తొండం బయటికి పెట్టుకుంటానంటే ఏనుగునైనా నా ట్రాలీ ఆటోలో ఇల్లు మార్పిస్తాను. మర్నాడు పొద్దున్నే బండి తెచ్చి గుమ్మానికి ఆనించాను. బాబాయి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

“చచ్చిన వస్తువు నా గడప దాటదురా. అన్నీ బాగుచేసి, ఎవరివి వాళ్లకి పంపిస్తాను.”

ఆయన నియమం అది. దానికి తిరుగు లేదు. అందరికంటే ముందు ఆయన బాగుచేసింది పిన్ని కాలికి చుట్టుకున్న ఫ్యానునే. ఆమె పడ్డప్పుడు వైరు తెగిందట. కొత్త వైరు వేసి, రెక్కలు తుడిచి, అద్దంలా మెరిపించి, మీ పిన్నికి గాలాడుతుంది ఇచ్చిరమ్మని నా బండిలో పెట్టాడు. ఆ ఫ్యాను చూసి పిన్ని అటు తిరిగి పడుకుంది. వాళ్లక్కే అంది, కరిచిన పాముని కడిగి పంపాడే మీ ఆయన, అని.

ఇక్కడ బాబాయి పని చిక్కు పడింది. ఎర్ర గేటు వాళ్ల మిక్సీ తిరగాలంటే ఇంకో మిక్సీలోంచి, ఇరుసు తిరిగే ఇత్తడి బుష్ తీయాలి. తీస్తే ఆ ఇంకోటి చచ్చినట్టు. చచ్చింది గడప దాటదు కదా. దానికోసం మూడోదాన్ని విప్పేవాడు. ఇన్నాళ్లూ మూసి ఉన్నవాటి పొట్టలన్నీ తెరుచుకున్నాయి. మునుపు సందులో పక్కకి తిరిగి నడవగలిగేవాళ్లం, ఇప్పుడు మరలు గుచ్చుకోకుండా గెంతుతూ పోవాలి. ఎలాగో నాలుగు బాగుపడితే చీటీలు చూసుకుంటూ తీసుకెళ్లాను. దగ్గు మాస్టారు పోయి ఆరేళ్లయిందట. నవ్వు నర్సమ్మ, ఇదెవరిదయ్యా, నాది కాదు, అని తలుపు వేసుకుంది. ఎర్ర గేటుకి పచ్చ రంగు వేశారు, లోపల వేరే వాళ్లున్నారు. నాలుగూ వెనక్కి తెచ్చాను. పైగా ఈయన మళ్లీ పనిలో కూర్చున్నాడని తెలిసి చుట్టుపక్కలవాళ్లు ఇంకో ఆరు తెచ్చి పడేశారు. ఆయన వద్దనలేదు. ఆరు చీటీలు రాశాడు.

మొదటి నెల నేనెప్పుడు వెళ్లినా పిన్ని, ఎంతవరకొచ్చిందిరా, అని అడిగేది. నేనూ నా ధర్మం ప్రకారం, గదిలో సగం ఖాళీ, పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు, అని కోసేవాణ్ణి. ఆమె నవ్వేది. రెండో నెల, ఆయన వేళకి తింటున్నాడా అని మాత్రం అడిగింది. మూడో నెల ఏమీ అడగలేదు. బాబాయి ఆదివారాలు వెళ్లి మంచం పక్కన కూర్చుని, ఏ మోటారు తిరిగిందో, ఏది మొండికేసిందో చెప్పేవాడు. ఆమె గోడవైపు చూస్తూ వినేది.

నాలుగో నెలలో పిన్ని నాతో తన బట్టల పెట్టె తెప్పించుకుంది. మేడ మీది ఇనప్పెట్టె అది. భుజాన పెట్టుకుని, ఆ విప్పిన మోటార్ల మీంచి కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నేను వీధిలోకి వచ్చాను. నాలుగు నెలల్లో ఆ ఇంట్లోంచి బయటికెళ్లి తిరిగిరాని పెద్ద సామాను అదే. బాబాయి చేతిలో స్క్రూడ్రైవరుతో గుమ్మందాకా వచ్చి, పెట్టె బండిలో కూర్చోవడం చూశాడు.

“ఏం తెమ్మంది? రెండు చీరలా?”

“అన్నీ తెమ్మంది బాబాయ్.”

స్క్రూడ్రైవరు గూట్లో పెట్టేశాడు. “రేపు పెందరాళే రా. అన్నీ తీసుకుపో.”

తీసుకుపోయాను. పాత ఇనుము కొట్టుకి తొమ్మిది తడవలు తిరిగాను. బాబాయి వంటగదిలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక్కో వస్తువూ బండిలో పడ్డప్పుడల్లా, తల తిప్పకుండానే, అది ఎర్ర గేటు వాళ్లది, అది మాస్టారిది, అని చప్పుడు బట్టి చెబుతున్నాడు. ఐదో తడవ నుంచి చెప్పడం మానేశాడు. సాయంత్రానికి గోడలు బయటపడ్డాయి. ఒక గోడకి కిటికీ ఉంది. ఆ సంగతి నాకు తెలియదు. మేడ మీది మంచం విప్పి దింపి, ఆ కిటికీ పక్కన బిగించాం. బాబాయి దుప్పటి పరిచి, ముడతలు లాగి, మళ్లీ లాగాడు.

మర్నాడు పిన్నిని తీసుకురావడానికి బండిలో పరుపు వేసుకుని వెళ్లాను. ఆమె కర్ర పట్టుకుని, వాళ్లక్క వెనకగదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది. తిన్నగా నడుస్తోంది, రెండు భుజాలూ ఒక వరసలో పెట్టి. బట్టలన్నీ అక్కడి అలమరలో సర్దేసి ఉన్నాయి. గది ఖాళీ అయిందని, ఈసారి కోత కాదని, ఒట్టు పెట్టి చెప్పాను.

“ఎన్నాళ్లు పట్టిందిరా ఖాళీ చెయ్యడానికి?”

“నిన్న ఒక్క రోజే పిన్నీ.”

“ఒక్క రోజు పనే అన్నమాట,” అంది.

తర్వాత మంచం మీద కూర్చుంది. నేను ఇంకా ఏవేవో చెప్పాను, కిటికీ సంగతి కూడా. అన్నీ విని, ఇక రాలేనురా అని నెమ్మదిగా అంది. కోపంగా అని ఉంటే బతిమాలేవాణ్ణి. నేను లేచాక పిలిచి, “ఫ్యాను మాత్రం బాగా తిరుగుతోందని చెప్పు,” అంది.

బాబాయి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బండిలో ఖాళీ పరుపు చూశాడు. లోపలికి వెళ్లి, మంచం మీద కాకుండా, పక్కన నేల మీద కూర్చున్నాడు.

“ఏమంది?”

ఎన్ని కోతలు కోసిన నోరిది, వచ్చే వారం వస్తానందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క నోటికి రాలేదు.

“ఫ్యాను బాగా తిరుగుతోందంది.”

“తిరుగుతుంది. కొత్త వైరు కదా.” ఆ ఖాళీ గదిలో ఆయన గొంతు ఆయనకే రెండుసార్లు వినబడింది. మళ్లీ అడిగాడు, “తలవైపు పెట్టుకుందా, కాళ్లవైపా?”

అక్కడ వాళ్లక్క ఇంట్లో ఆ ఫ్యాను గది మూల, గోడవైపు తిరిగి, వైరు చుట్టేసి ఉంది. నేను చూశాను.

“తలవైపే,” అన్నాను.

ఆయన తలూపాడు. దుప్పటి అంచు ఒకటి కిందికి జారితే, పైకి లాగి సరిచేశాడు.