దారం కట్టిన లిల్లీ పూలు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో తెప్పించుకున్న హైబ్రిడ్ లిల్లీ దుంప అట్టపెట్టెలో వచ్చింది. పూయబోయే పువ్వు బొమ్మ పెట్టె మీదే ఉంది. అది చూడగానే నాకు మా అత్తమ్మ, వికారాబాద్‌లో మా పెరడు గుర్తొచ్చాయి.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో రోజూ రైలెక్కి తాండూరు బడికి వెళ్ళి సైన్సు చెప్పేదాన్ని. రెండు రంగుల పూలను కలిపి కొత్త పువ్వును పుట్టించే పాఠాన్ని పెరట్లో చేసి చూద్దామన్న సరదా పుట్టి, ఒక వేసవిలో ఎవరికీ చెప్పకుండా కొన్ని తెల్ల లిల్లీలకు కేసరాలు తుంచేసి, ఎర్ర లిల్లీ పుప్పొడిని దూదితో అద్ది, గుర్తుగా ఎర్రదారాలు కట్టాను. మర్నాడు సాయంత్రానికి ఒక్క దారమూ లేదు. మేకల మందల వెంట పెరిగిన మా అత్తమ్మ, కొత్త కోడలి మీద ఎవరో మంత్రం వేశారని హడలిపోయి, అన్నీ విప్పి పొయ్యిలో వేసి, నాకు దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలతో గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గులాబీ చారల పువ్వును పుట్టిద్దామనుకుంటే పాడుచేశావని అరిచేశాను.

"నాకేమెరుక బిడ్డా, నీకేమైతదోనని పరేషానైన" అంది, ముఖం చిన్నబుచ్చుకుని.

ఏ కాయ నేను అద్దినదో, ఏది తేనెటీగలు అద్దినదో తెలియక గింజలన్నీ కలిపే చల్లాను. మొలిచినవాటిలో చివరికి బతికింది ఒక్కటే. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ, కోళ్ళను తోలుతూ, దాన్ని మూడేళ్ళు సాకింది అత్తమ్మే. మొగ్గ వేసిన వారంలో బంట్వారంలోని చెల్లెలింటికి కూడా పోనంది. తన తప్పు ఆ పువ్వుతో తీరిపోవాలని ఆమె ఆశ. తీరా పూసింది తెల్లగా, మచ్చయినా లేకుండా.

"గిదేనా బిడ్డా, నువ్వు జేసింది?" అని అడిగింది. లోపల సన్నగా గులాబీ గీత ఉంది చూడమని అబద్ధం చెప్పాను. అనంతగిరి గుట్టల వాలు మీద మేసే మందలో తన మేకను రోడ్డు మీది నుంచే గుర్తుపట్టే మనిషి, వంగి చాలాసేపు చూసి, "అవ్ బిడ్డా, మంచిగ కనవడ్తున్నది" అంటూ నా చెంప నిమిరింది. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ ఉన్నమాట ఉన్నట్టే చెబుతారు, మంచిదే. కానీ లేని గీతను నాకోసం చూసే మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు.