మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి

పొద్దున్నే పెనం మీద అట్టు పోస్తుంటే టీవీలో చెప్పారు. మా విజయవాడలోనే, మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు పనివాళ్ళు ఊపిరాడక చనిపోయారట. పేర్లు చెప్పలేదు. "తగిన జాగ్రత్తలు తీసుకోకుండా దిగడం వల్లే" అన్నారు. ఆ వెంటనే బంగారం ధర మొదలుపెట్టారు.

నా చెయ్యి ఆగిపోయింది. పటమటలో మా అపార్టుమెంటుకి సెక్రటరీని నేనే. నెల క్రితం డ్రైనేజీ పొంగితే మనిషిని పిలిపించింది నేను. నడుముకి తాడు కట్టుకుని అతను లోపలికి దిగుతుంటే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కాస్త త్వరగా కానియ్యి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు" అన్నదీ నేనే. ఆ తాడు రెండో కొస పట్టుకుని పైన అతని బావమరిది నిలబడ్డాడు. ఈ ఇద్దరూ వాళ్ళేనా?

అతని నంబరు నా ఫోన్లో 'డ్రైనేజీ' అని ఉంది. పేరు అడగాలని నాకు తోచనే లేదు. రింగవుతోంది, ఎత్తడం లేదు. "ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరా? ఊరికే కంగారుపడకు" అన్నారు మావారు. ఐదోసారికి స్విచాఫ్ అని వచ్చింది.

కాలవగట్టు దగ్గర ఉంటామని అతను ఎప్పుడో అన్నాడు. ఆటో ఎక్కి వెళ్ళాను. డ్రైనేజీ పనివాళ్ళ ఇళ్ళెక్కడని అడిగితే కుళాయి దగ్గర ఒకావిడ, "మార్చురీ దగ్గరున్నారండీ అందరూ" అంది. ఎవరు పోయారని అడగకుండానే మళ్ళీ ఆటో ఎక్కాను.

మార్చురీ గేటు ముందు ఒక్కో ముఖమే వెతుక్కుంటూ నడిచాను. అతను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. నా సంతోషం ముఖంలో కనిపించేసిందేమో, అతను తల దించుకుని, "మా బావమరిదండీ" అన్నాడు. "నాకు జొరమొచ్చి నిన్న పనిలోకి పోలేదు. వాడు ఇంకొకణ్ణి తోడు తీసుకుపోయాడు."

పక్కనే కూర్చున్నాను. అంతలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన అతనికి ఒక కాగితం ఇచ్చి, "ఇక్కడ సంతకం పెడితే పని త్వరగా అయిపోద్ది" అన్నాడు. కాంట్రాక్టరు మనిషట. అతను ఆ కాగితం నా చేతికిచ్చి, "చదివి చెప్పండి మేడంగారూ" అన్నాడు.

వద్దన్నా వినకుండా వాళ్ళంతట వాళ్ళే దిగారని అందులో రాసి ఉంది. చదివి వినిపించాను.

"అబద్ధమండీ! మురుగు తోడే మిషను రాదు, మీరే దిగండన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట మావాడు దిగబోయే ముందు నాకు ఫోన్ చేసి చెప్పాడు."

"అయితే పెట్టకు" అన్నాను.

"మీరెవరండీ మధ్యలో?" అన్నాడు తెల్లచొక్కా ఆయన. "చదువొచ్చినదాన్నండీ" అన్నాను. ఆయన నా చేతిలో కాగితం లాక్కుని, ఫోన్ చెవికి పెట్టుకుని అటు వెళ్ళాడు. మళ్ళీ ఎంతమందితో వస్తాడోనని గేటు వైపే చూస్తూ కూర్చున్నాం.

అప్పుడొచ్చాయి తూనీగలు. ఒకటీ రెండూ కాదు, వందలు. మార్చురీ ముందున్న ఖాళీ జాగా అంతా ఎండలో మెరుస్తూ, ఒకదాన్నొకటి తగలకుండా తిరుగుతున్నాయి. అతని బావమరిది భార్య, పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు పోయినావిడ, తలెత్తింది. ఒళ్ళో ఉన్న పసిపిల్ల రెండు చేతులూ చాపి కిలకిలా నవ్వుతోంది. ఆ తల్లి బిడ్డ నవ్వు ఆపలేదు. తూనీగలు బాగా కనపడేలా కాస్త పైకెత్తి పట్టుకుంది. ఆ చోట నాకు అంత అందం కనిపించినందుకు సిగ్గేసింది. కానీ చూపు తిప్పుకోలేకపోయాను.

తెల్లచొక్కా ఆయన తిరిగి రాలేదు. సాయంత్రం మేం పోలీస్‌స్టేషన్‌కి వెళ్ళాం. బావమరిది ఫోన్లో చెప్పింది చెప్పినట్టు అతను చెప్పాడు, వాళ్ళు రాసుకున్నారు. కాగితం సంగతి నేను చెప్పి కింద సంతకం పెట్టాను.

ఆ ఆదివారం మా అపార్టుమెంటు మీటింగులో, ఇక మనిషిని దింపేది లేదన్నాను. "మిషనుకైతే నాలుగు రోజులు పడుతుందండీ, అన్నాళ్ళు ఆ వాసన ఎలా?" అని ఒకాయన విసుక్కున్నారు.

"భరిద్దామండీ" అన్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా అతను ముందురోజు ఫోన్ చేసి చెబుతాడు. వెళ్ళి వస్తున్నాను.