పొద్దుగాలనే పోయిండు

దోహాలో కాపురం పెట్టిన మొదటి నెలలోనే మా ఆయన పోయాడని అక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. చెప్పింది నేనే.

తొంభైల నడిమి సంగతి. ఆయనది కాకినాడ దగ్గర పల్లె, నాది కోరుట్ల పక్కన ఊరు. ఆయన వరంగల్‌లో ఇంజనీరింగు, నేను హనుమకొండలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో పరిచయం. ఇరువైపుల పెద్దవాళ్ళూ మొహాలు ముడుచుకున్నా పెళ్ళయితే అయింది. ఆ వెంటనే ఆయనకు ఖతార్‌లో ఉద్యోగం దొరికింది. రాస్ లఫాన్‌లో గ్యాసు ప్లాంటు కడుతున్న కాలం. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికి అల్ ముంతజాలోని మా ఫ్లాటుకు చేరేవాడు. మా అమ్మకు మాత్రం మేం దుబాయ్‌లోనే ఉన్నాం. ఖతార్ వేరే దేశమని ఎన్నిసార్లు చెప్పినా, "అదేనే, దుబాయ్‌ల ఖతార్" అనేది.

ఆ రోజు నాకు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. పైగా అమ్మ గుర్తొచ్చి కాసేపు ఏడ్చాను కూడా. సాయంత్రమవుతుండగా ఫోను మోగింది. కింది ఫ్లాటులో ఉండే తెనాలి ఆవిడ. నాకన్నా చాలా పెద్దది, మంచి మనిషి, ఆ బిల్డింగులో నాకు తెలిసిన ఒకే ఒక్క తెలుగు గొంతు.

"మీ ఆయన ఉన్నారా అమ్మా? మావారు ఏదో కనుక్కోమన్నారు" అంది.

"లేడక్కా. పోయిండు."

ఆవిడ గొంతు తగ్గించి, "ఎప్పుడమ్మా?" అంది.

"పొద్దుగాలనే పోయిండు. నాకు చెప్పకుంటనే పోయిండు. లేచి చూస్తే లేడు."

"ఒక్కదానివే ఉన్నావా?"

"ఒక్కదాన్నే ఉన్న. ఏం జెయ్యాల్నో తోస్తలేదక్కా."

ఆవిడ ఫోను పెట్టేసింది. ఇదేం మర్యాద అనుకున్నాను. మా వైపు ఎవరైనా పోయిండంటే అవతలివాళ్ళు అడిగే మొదటి మాట "యాడికి?" అని. ఈవిడ ఎప్పుడని అడిగింది గానీ ఎక్కడికని అడగలేదు. తెనాలి వైపు మనిషి పోయాడంటే ఇక తిరిగి రాడని నాకప్పటికి తెలియదు. కాకినాడ మనిషిని చేసుకుని కూడా తెలియదు. ఆయన వరంగల్‌లో మా మాటలకు బాగా అలవాటుపడి, ఆ తేడాయే మరిచిపోయినట్టున్నాడు.

కాసేపటికి తలుపు కొట్టారు. తీస్తే తెనాలి అక్క, వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. అక్క నన్ను గుండెలకు అదుముకుని ఒకటే ఏడుపు. వాళ్ళింట్లోనే ఎవరికో ఏదో అయిందనుకుని నేనే ఆవిడ వీపు నిమురుతూ, "ఊకోక్కా, ఊకో. కూసో, చాయ్ పెడత" అన్నాను. "పిచ్చితల్లికి మతి పోయినట్టుందే" అని ఒకావిడ పక్కావిడతో అనడం నాకు వినపడింది. చాయ్ పెట్టనివ్వలేదు. చాప పరిచి నన్ను కూర్చోబెట్టి నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ నోరు విప్పరు. నేనేమో ఎవరు చనిపోయారని అడిగితే బాగుండదేమోనని మెదలకుండా ఉన్నాను.

మా ఆయన బస్సు దిగి వచ్చేసరికి మెట్ల మీద మగవాళ్ళు, గుమ్మంలో చెప్పుల కుప్ప. "ఎవరండీ పోయారు?" అని అడిగాడట. ఒక్కళ్ళూ జవాబు చెప్పలేకపోయారు.

ఇక ఆ నవ్వులు, ఆ వెటకారాలు చెప్పలేను. ఆ వారమంతా మా ఇంటికి ఫోన్లే. ఎవరింట్లో భోజనాలకు వెళ్ళినా "పోయినాయన వచ్చాడండోయ్" అని స్వాగతం. మొదట్లో నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. కొత్తవాళ్ళెవరైనా వస్తే నా చేతే చెప్పించేవారు. నేను చెప్పేదాన్ని, వాళ్ళు పడీ పడీ నవ్వేవారు. ఒకసారి అలా నవ్వుతున్న మొహాలు చూస్తుంటే, వీళ్ళు నవ్వుతున్నది జరిగినదానికి కాదు, నా యాసకు అనిపించింది. ఆ తర్వాత మళ్ళీ ఆ కథ చెప్పలేదు.

అక్క మాత్రం వెక్కిరించలేదు. ఆవిడది నిజమైన బెంగ. "అలా అనకూడదమ్మా, తథాస్తు దేవతలుంటారు. వెళ్ళారు అనాలి. ఇంకోటి, మొగుణ్ణి పట్టుకుని నువ్వూ గివ్వూ ఏమిటి? మీరు అను" అంది. మా ఊళ్ళో నువ్వంటే దగ్గరితనం. అయినా నాకు చిన్నప్పటినుంచీ ఒకరి చేత అనిపించుకోవడం పడదు. చదువులో అయినా, ముగ్గులో అయినా అంతే. సరే, ఈ మాటలు కూడా నేర్చుకుని ఒకరికి చెప్పేంత బాగా మాట్లాడతానని పంతం పట్టాను. పట్టిన పంతం చెల్లించుకున్నాను కూడా. ఇప్పుడిది రాస్తున్నదీ ఆ మాటల్లోనే.

మాకు వారమంతా ఒక ఎత్తు, శుక్రవారం ఒక ఎత్తు. ఒక పాత కారు కొన్నాం. దానికి ఏసీ ఉందంటే ఉంది. ఎండ చల్లబడ్డాక బయల్దేరి ఏదో ఒక చాయ్ దుకాణం ముందు ఆగి హారన్ కొడితే, మలయాళీ అబ్బాయి కరక్ చాయ్ కారు దగ్గరికే తెచ్చిచ్చేవాడు. ఆ చిక్కటి ఏలకుల చాయ్ పట్టుకుని సముద్రం ఒడ్డున కార్నిష్‌కు వెళ్ళి నీళ్ళకెదురుగా గట్టు మీద కూర్చునేవాళ్ళం. పడవలు, ముత్యపుచిప్ప బొమ్మ, పిల్లల్ని పరుగెత్తించే అరబ్బు కుటుంబాలు. చూడ్డానికి అంతకన్నా ఏమీ లేదు. మాకు అక్కర్లేదు కూడా.

"ఏదన్నా చెప్పు" అనేవాడు. వారమంతా ఆయన చెవిన పడేది ఇంగ్లీషు, హిందీ, పద పదమనే అరబ్బుల యల్లా యల్లా. నేను మొదలుపెడితే ఆగేదాన్ని కాదు. మా మేనత్త ఎవరితో కొట్లాడింది, బీడీల కార్ఖానా దగ్గర ఎవరేం మాటన్నారు, అన్నీ మా ఊరి మాటల్లోనే. "ఏందయ్యా, ఇంటున్నవా నిద్రవోతున్నవా" అని మోచేత్తో పొడిచేదాన్ని. "ఇంకోసారి అను" అనేవాడు. అన్నదాన్నే మళ్ళీ అనిపించుకుని తనలో తనే నవ్వుకునేవాడు. మొదటి ఏడాది శుక్రవారాలన్నీ అలాగే గడిచాయి. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ లేనని ఇప్పుడు తెలుస్తోంది.

రెండో ఏటికి నా మాట మారింది. ముందు నలుగురిలో, తర్వాత అక్కతో, ఆ తర్వాత ఇంట్లో. "ఇంట్లో కూడా ఎందుకు?" అని ఆయన ఒకసారి అడిగాడు. "మీకేం, మీరు పుట్టుకతోనే మాట్లాడుతున్నారు. నేను ఇంట్లో ఒకటీ బయట ఒకటీ అంటే ఎక్కడో నోరు జారతాను" అన్నాను. ఆ మీరు విని ఏమనుకున్నాడో, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కార్నిష్ మీద కబుర్లు తగ్గాయి. చెప్పడానికి ఏమీ లేక కాదు. మేనత్త కొట్లాటను వచ్చారు, వెళ్ళారు, అన్నారు అని చెబితే అందులో నవ్వేముంటుంది? నాకే చప్పగా ఉండేది.

ఒక శుక్రవారం ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఇసుక దిబ్బల వైపు వెళ్ళాం. మా కారు వెనకబడి, దారి తప్పి, ఇసుకలో కూరుకుపోయింది. ఆయన ఇంకా యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. చక్రాలు లోపలికి దిగిపోతున్నాయి. భయంతో నేను అరిచాను. "ఆగు. నీకేమన్న సమజైతున్నదా, దిగవడుతున్నది, ఇగ తొక్కకు."

ఆయన ఇంజన్ ఆపేశాడు. ఆ ఎండలో, ఆ ఇసుకలో, నా వైపు తిరిగి ఎంతో సంతోషంగా, "అమ్మయ్య, ఉన్నావన్నమాట" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నా కష్టమంతా ఒక్క అరుపుతో పోయిందని నాకు మండింది. మిగతావాళ్ళు వచ్చి తాడు కట్టి కారు బయటికి లాగేదాకా, అక్కణ్ణుంచి దోహా చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు కదిలించి చూసి ఊరుకున్నాడు. ఇక మీదట భయమేసినా సరే ఆ మాటలు రానివ్వకూడదనుకున్నాను. నిజంగానే రాలేదు.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకు మా అమ్మవాళ్ళింట్లో ఫోను పెట్టించారు. శుక్రవారం మధ్యాహ్నం మాట్లాడేదాన్ని. ఒక వారం అమ్మకు జ్వరమని చెప్పారు. తర్వాతి శుక్రవారం చేస్తే తమ్ముడెత్తాడు. లైను గరగరమంటోంది.

"అమ్మ ఉందా?" అన్నాను.

"లేదక్కా. పొద్దుగాలనే పోయింది" అన్నాడు. లైను తెగిపోయింది.

అక్కడే నేల మీద కూలబడ్డాను. నా గొంతు విని అక్క కింది నుంచి పరుగెత్తుకొచ్చింది. నన్ను అలాగే గుండెలకు అదుముకుంది. మా ఆయన మళ్ళీ మళ్ళీ నంబరు తిప్పుతున్నాడు, కలవడం లేదు. ఆ రోజుల్లో పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉండేవి. దేశం దాటాలంటే కంపెనీ ఒప్పుకుని కాగితం ఇవ్వాలి. శుక్రవారం ఆఫీసుండదు గనక, అల్ ఘర్రాఫాలో ఉన్న మేనేజరు ఇంటికే వెళ్ళి కాళ్ళో వేళ్ళో పట్టుకుంటానని ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. నేనేమో జ్వరమని తెలిసినప్పుడే ఎందుకు వెళ్ళలేదని తల బాదుకుంటున్నాను.

ఉన్నట్టుండి ఆయన ఆగాడు. "తమ్ముడు ఏమన్నాడు? వాడు అన్నది అన్నట్టే చెప్పు."

"పొద్దుగాలనే పోయింది అన్నాడు."

ఆయన బూటు వదిలేసి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"యాడికి?" అన్నాడు.

అమ్మ పోయి నేను ఏడుస్తుంటే ఈయనకు వెక్కిరింపా అని ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయాను. ఆయన నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు. నాకన్నా ముందు అక్కకే తట్టింది, నన్ను పట్టుకున్న ఆవిడ చేతులు సడలాయి. "అయ్యో, నీ మొహం మండా" అంది ఆవిడ, నెమ్మదిగా.

పొద్దు కుంకే వేళకు లైను కలిసింది. ముందు ఆయన మాట్లాడి నాకిచ్చాడు. అవతల అమ్మ.

"ఏం బిడ్డా, ఏడ్చినవట? మెట్‌పల్లిల ఒడిబియ్యం పోసే పండుగ ఉంటె పోయిన. ఇప్పుడే వస్తి" అంది.

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. అమ్మ నవ్వింది. నవ్వి, "పోయిందంటే యాడికని అడగాలె గద బిడ్డా. గది సుత మర్చిపోతివా?" అంది.

కోప్పడలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆవాళ అందరూ నవ్వారు, అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా దిగులేసింది. కన్నతల్లి మాట తమ్ముడి నోట వింటే నాకు అర్థం కాలేదు. కాకినాడ మనిషికి అర్థమైంది.

తర్వాతి శుక్రవారం కార్నిష్ గట్టు మీద కూర్చుని, నేనే మొదలుపెట్టాను. మేనత్త కొట్లాట, మా ఊరి మాటల్లో. రెండు ముక్కలు చెప్పేసరికే నాకు తెలిసిపోయింది. ఎరువు తెచ్చుకున్న చీర కట్టుకున్నట్టుంది. పోయిండు, వచ్చిండు అన్నీ సరిగ్గానే పడుతున్నాయి, కానీ ఒక్కోటీ వెతికి తీయాల్సి వస్తోంది. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి అను అనలేదు. చాయ్ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "కష్టపడకులే" అన్నాడు, ఎంతో ప్రేమగా. ఇసుకలో కారు దిగబడ్డ రోజు ఆయన సంతోషం ఎందుకో నాకు అప్పటికి అర్థమైంది.

హైదరాబాదుకు తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. అమ్మ లేదు. ఆ రోజు తమ్ముడు ఫోను చేసి, నాకు మళ్ళీ తప్పు అర్థం కాకూడదని, "అమ్మ చనిపోయిందక్కా" అని పుస్తకంలో ఉన్నట్టు చెప్పాడు. వాడలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన రిటైరయ్యాడు. పొద్దున్నే నన్ను లేపకుండా వాకింగ్‌కు వెళతాడు. రక్తపోటు ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, అయినా ఆగడు. ఆ వేళకు ఎవరో ఒకరు ఫోను చేసి ఆయన ఉన్నారా అని అడుగుతారు. లేడు, పొద్దుగాలనే పోయిండు, నాకు చెప్పకుంటనే పోయిండు. ఆ మాట నోటిదాకా వస్తుంది. ఇప్పుడైతే ఎవరూ నవ్వరు, తప్పుగానూ అనుకోరు. కానీ అనలేను. ఈ వయసులో ఆ మాటంటే నాకూ భయమే. "బయటికి వెళ్ళారండీ" అని ఫోను పెట్టేసి, ఆయన వచ్చేదాకా బాల్కనీలో నిలబడతాను.