అందం కోసం తీసేసిన గీత

ఆ వర్క్‌షాపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఎలపరం పుడుతుంది. మెట్ట ప్రాంతంలో, పామాయిల్ తోటల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే, పాఠం చెప్పడానికి రాజమండ్రి నుంచి బస్సులో వెళ్లాను.

క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారం ఇట్టే పాడవుతుంది. అందుకని దాన్ని నాలుగు క్యూబిట్లలో, అంటే క్వాంటమ్ బిట్లలో, పరిచి దాచి, ఏ ఒక్కదానికి దెబ్బ తగిలినా తెలిసేలా తనిఖీలు పెడతారు. ఆ తనిఖీలు సరిగ్గా పని చేస్తాయో లేదో పేజీలకొద్దీ లెక్కలు వేసి చూడొచ్చు. నేను బొమ్మ గీసి చూస్తాను. ఒక్కో క్యూబిట్‌కు ఒక్కో గీత, వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. చుక్కల్ని కలపడానికీ విడదీయడానికీ నియమాలున్నాయి. వాటిని దాటకుండా బొమ్మను మార్చుకుంటూ పోతే అదే రుజువు. అందులో సోకు కోసం గీసిన గీత ఒక్కటీ ఉండదు.

నేను ముందుగా పంపిన బొమ్మనే పెద్ద ఫ్లెక్సీగా వేయించి వేదిక వెనక కట్టారు. కూర్చోబోతూ చూశాను. నాలుగు క్యూబిట్ల గీతల నుంచీ మధ్యలోని ఎర్ర చుక్కకు, అంటే తనిఖీకి, నాలుగు అడ్డగీతలు రావాలి. మూడే ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట కాలేజీ లోగో మెరుస్తోంది.

నన్ను పిలిచిన డిపార్ట్‌మెంట్ హెడ్ పక్కనే ఉన్నారు. మెల్లగా చెప్పాను.

"లోగోకి అడ్డొస్తుందని డిజైనర్ గారు తీసేశారండి. బొమ్మ అందంగా ఉంది కదండీ," అన్నారాయన.

ఆ గీత లేకపోతే నాలుగో క్యూబిట్‌లో వచ్చే తప్పు పట్టుబడదని చెప్పాను. ఆయన నవ్వారు.

"ఇక్కడ ఎవరికి తెలుస్తుందండీ మేడం గారూ, మీకూ నాకూ తప్ప."

ఆ చివరి మాటకు నా ఒళ్లు జలదరించింది. గీత పోయినందుకు కాదు, నన్ను తన జట్టులో కలుపుకున్నందుకు.

నా వంతు రాగానే స్లైడ్లు పక్కన పెట్టి, ఫ్లెక్సీ మీదున్నది ఉన్నట్టే బోర్డు మీద గీశాను. నాలుగో క్యూబిట్ గీత మీద తప్పుకు గుర్తుగా ఒక ఎర్ర చుక్క పెట్టి ముందుకు నడిపించాను. అది దేనికీ తగలకుండా అవతలి కొసకు వెళ్లిపోయింది. తప్పు అనే దొంగను ఈ బొమ్మ చూడదని, వెనక కట్టింది ఇదేనని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు మైకు అందుకుని, కాలేజీ సాధించిన దాన్ని నేను చక్కగా వివరించానని మెచ్చుకుని, భోజనాలకు లేవమన్నారు. శాలువా కప్పి, ఫ్లెక్సీ ముందు ఫొటోకి రమ్మన్నారు. నేను శాలువా కుర్చీ మీద పెట్టి దిగిపోయాను.

భోజనాల దగ్గర హెడ్ గారు నా ఎదురుగా కూర్చుని, కోడి ముక్క నములుతూ, పేపర్‌కి వార్త పొద్దున్నే పంపేశామని చెప్పారు. ఆయన వేళ్లకు నూనె కారుతోంది. విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

చేతులు కడుక్కునే చోటికి ఆ కాలేజీలోనే పని చేసే ఒక లెక్చరరు అమ్మాయి వచ్చింది.

"ఆ గీత ఉంటే తప్పు ఎలా దొరుకుతుందండీ?"

పేపర్ నాప్‌కిన్ మీద గీసి చూపించాను. తప్పు గుర్తు క్యూబిట్ గీత మీదున్న ఆకుపచ్చ చుక్క దగ్గరకు రాగానే రెండవుతుంది. ఒకటి తన దారిన పోతుంది, రెండోది ఆ తీసేసిన గీత వెంట మధ్య చుక్కకు చేరి తనిఖీ ఫలితాన్ని తిప్పేస్తుంది. ఆ అమ్మాయి నాప్‌కిన్ తన వైపు తిప్పుకుని, రంగులు తారుమారు చేసి ఇంకో తనిఖీ పెడితే క్యూబిట్లకు వచ్చే రెండో రకం తప్పు కూడా దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుందన్నాను. ఆ రోజు నాతో పాఠం గురించి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు పేపర్లో ఆ ఫ్లెక్సీ ఫొటో వచ్చింది. తప్పుల్ని పట్టే పద్ధతిని కాలేజీ నిరూపించిందట. సవరణ వేయించమని హెడ్ గారికి మెసేజ్ పెడితే, బొటనవేలు బొమ్మ పంపారు.

ఈ ఏడాది మళ్లీ పిలిచారు. ఎందుకు రానో దాచకుండా రాశాను. వెళ్లలేదు. ఆ అమ్మాయి మాత్రం ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. ఇద్దరం కలిసి ఐదు క్యూబిట్ల బొమ్మ గీస్తున్నాం.