ఛోలే కాని షోలెట్‌కి నేను పెట్టిన పోపు

ఒక శనివారం పొద్దున్న, ఎనిమిదింటికీ పన్నెండింటికీ మధ్య, ఎవరూ అడక్కుండా, ఎవరి సాయమూ లేకుండా, నేనొక్కదాన్నే ఒక కుటుంబం రెండేళ్ళుగా ఎదురుచూసిన భోజనాన్ని నాశనం చేశాను. నైట్ డ్యూటీ చేసొచ్చిన నిద్రమత్తులో అలా జరిగిపోయిందని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అది అబద్ధం. పూర్తి తెలివితో, ఎంతో శ్రద్ధగా, ఉప్పు చూసుకుని మరీ చేశాను.

ఇది ఎనభైల చివర్లో మాట. నాకు ఇరవై ఏడేళ్ళు. భీమవరంలో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, ఢిల్లీలో మూడేళ్ళు పనిచేసి, సిడ్నీలో వచ్చి పడ్డాను. బాండైలో సముద్రానికి నాలుగు వీధుల ఇవతల, ఇలోనా ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు దొరికింది. ఆవిడ హంగరీ యూదురాలు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. బుడాపెస్టు వీధుల్లోకి టాంకులొచ్చిన ఏడాది మొగుడూ పెళ్ళాలు చేతిసంచీలతో బయటపడి ఓడెక్కి ఇక్కడికొచ్చారట. వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆవిడ ఇంగ్లీషు ఇంకా ఓడ దిగలేదు. నా ఇంగ్లీషు అప్పటికి భీమవరం బస్టాండు దాటలేదు. కాబట్టి మా మాటల్ని తెలుగులోనే రాస్తున్నాను, చదివేవాళ్ళ ఆరోగ్యం కోసం.

సుగుణ అనే పేరు ఆవిడ నోటికి పట్టలేదు. మొదటి రోజే "షుగర్" అని ఖాయం చేసేసింది. ఆ తర్వాత వంటిల్లు చూపించింది. రెండు సింకులు. నీలం గీత ఉన్న గిన్నెలు ఒక అలమరలో, ఎర్ర గీత ఉన్నవి ఇంకో అలమరలో.

"షుగర్, నీలం పాలకి. ఎరుపు మాంసానికి. ఈ రెండూ కలవకూడదు. ఆ మూల స్టవ్వు నీది, ఆ గిన్నెలు నీవి. నీది నువ్వు వండుకో."

"అలాగే ఆంటీ," అన్నాను. అర్థమైపోయింది నాకు. భీమవరంలో మా పక్కింటి మామ్మగారి మడి లాంటిదే ఇదీ. కాకపోతే ఈవిడ మాంసం తింటూ మడి కడుతోంది, అంతే తేడా. ఇంతకు మించి ఒక్క ప్రశ్న వేస్తే నా నోటి ముత్యాలు రాలిపోతాయని ఊరుకున్నాను.

ఆ ఇంట్లో మిగిలిపోయిన తిండి చచ్చిపోదు, మరుజన్మ ఎత్తుతుంది. శుక్రవారం జడలా అల్లి కాల్చిన రొట్టె ఆదివారానికి ఎండిపోతే, గుడ్డు సొనలో ముంచి వేయించేది. సూపులో ఉడికిన కోడిని విడదీసి, ఉల్లిపాయలతో కలిపి అట్లలో చుట్టేది. సగం మిగిలిన క్యాబేజీని ఎర్రగా వేయించి, నిన్నటి నూడిల్స్‌లో మిరియాలతో కలిపేది. అది మాత్రం నాకూ ఒక ప్లేటు వచ్చేది. చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని పెరిగినదాన్ని, ఆవిడ మీద నాకు గౌరవం పెరగడానికి ఇంకేం కావాలి?

ఇక ఆ రెండేళ్ళ కథ. ఆవిడకి ఒక్కడే కొడుకు, పేరు పీటర్. అతను మతం నియమాలు పెద్దగా పాటించడు. రెండేళ్ళ కిందట ఒక రోజు బర్గర్ పొట్లం పట్టుకుని తల్లి వంటింట్లోకొచ్చి, ఎర్ర గీత పళ్ళెంలో పెట్టుకుని తిన్నాడు. మాంసం మీద చీజ్ ముక్క కరిగి కారుతోందట. ఆంటీ చూసింది. మాటా మాటా పెరిగింది. "నా వంటింట్లో పాలూ మాంసం కలిపినవాడు మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు," అందట. అతనూ తల్లి కొడుకే కదా, తొక్కలేదు. ఈలోగా అతనికి కూతురు పుట్టింది. ఆ పిల్లకి ఏడాది నిండినా ఆంటీ ఫోటోలో తప్ప చూడలేదు.

నేను ఆ ఇంట్లో చేరిన మూడో వారం, కోడలు సూజన్ ఫోన్ చేసి రాజీ కుదిర్చింది. శనివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి వస్తారు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నేను నిద్రలేచి వంటింట్లోకొచ్చేసరికి ఆంటీ పెద్ద ఇనప గిన్నెని ఒవెన్‌లోకి నెడుతోంది. మొహం వెలిగిపోతోంది.

"రేపు నువ్వు కూడా మాతో తినాలి షుగర్. షోలెట్ చేస్తున్నా. పీటర్‌కి ప్రాణం."

"ఛోలేనా!" అన్నాను. ఢిల్లీ హాస్టల్లో మూడేళ్ళు తిన్నానండీ ఛోలే, ఆ పంజాబీ శనగల కూర. "మీకు ఛోలే వచ్చా ఆంటీ?"

"మా అమ్మమ్మ నుంచి వచ్చింది," అంది గర్వంగా.

హంగరీ అమ్మమ్మకి పంజాబీ వంటెలా వచ్చిందని ఆశ్చర్యపోతూనే డ్యూటీకి వెళ్ళిపోయాను. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, ఇద్దరం సంతోషించాం. ప్రపంచంలో చాలా ప్రమాదాలు ఇలాగే మొదలవుతాయి.

పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికొచ్చాను. ఆంటీ ప్రార్థనకి వెళ్ళిపోయింది. ఇల్లంతా ఒకటే వాసన. వంటింట్లో ఒవెన్ ఇంకా వెలుగుతూనే ఉంది!

లెక్క వేశాను. నిన్న నాలుగింటి నుంచి ఇప్పటి దాకా పదహారు గంటలు. పాపం, కొడుకొస్తున్న సంతోషంలో ముసలావిడ ఆపడం మర్చిపోయింది. ఇల్లు తగలబడనందుకు దేవుడికి స్తోత్రం చెప్పి ఒవెన్ కట్టేశాను. ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు పెద్దలు. నైట్ డ్యూటీ చేసొచ్చినదానికి పడుకున్నంత ఉత్తమం లేదు. కానీ నేను మూత తీశాను.

పైన నల్లగా కట్టిన పెచ్చు. దాని కింద శనగల బదులు చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం ముక్కలు అన్నీ ముదురు రంగుకి తిరిగి ముద్దయిపోయాయి. పొగ వాసన. మధ్యలో పెంకులతో సహా ఆరు గుడ్లు, ఇటుక రంగులో! నర్సుని కదా, గుడ్డు ఆ రంగుకి తిరిగితే ఏమిటో నాకు తెలియదా? ఆరింటినీ గరిటెతో తీసి, కాగితం పరిచిన కొత్త చెత్తబుట్టలో పడేశాను. ఒక్కటి కూడా పగలగొట్టి చూడలేదు. అంత నమ్మకం నా మీద నాకు.

ఇక మిగతా ఛోలే సంగతి. ఇందులో టొమాటో లేదు, అల్లం లేదు, మసాలా లేదు, పైగా మాడు వాసన. పన్నెండింటికి కొడుకూ కోడలూ వస్తారు. ఆవిడ పరువు నా చేతిలో ఉంది! ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, ఉప్పుతో పాటు కారం కూడా కలిపాను.

చింతపండు పిసికి పోశాను. అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయలు వేయించి కలిపాను. ఢిల్లీ నుంచి తెచ్చుకున్న గరం మసాలా రెండు చెంచాలు. మాడు వాసన చంపాలంటే నెయ్యిని మించింది లేదని మా అమ్మ చెప్పేది. అంతకు ముందు రోజే పావుకిలో వెన్న కాచుకుని సీసాలో పోసుకున్నాను. సీసా మొత్తం మూకుట్లో వంచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేసి, చిటపటలాడుతుండగా తెచ్చి ఆ గిన్నెలో బోర్లించాను. సుయ్‌మంది! ఆ వాసనకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. కలపడానికి అందంగా ఉందని నీలం గీత గరిటె వాడాను.

పాలూ మాంసం కలవకూడదన్న మాట మర్చిపోయావా అని మీరడగొచ్చు. లేదండీ, బాగా గుర్తుంది. పాలు పోశానా? పోయలేదు. నెయ్యి పాలెలా అవుతుంది? నెయ్యి నెయ్యే.

పన్నెండున్నరకి తలుపు తీసుకుని ఆంటీ వచ్చింది, తల మీద టోపీతో. వెనకాలే పీటర్, సూజన్, ఆవిడ చంకలో పిల్ల. శనివారం కారెక్కకూడదు కాబట్టి, అమ్మ చూడకుండా రెండు వీధుల అవతల కారు ఆపి నడిచొచ్చారని నాకు తర్వాత తెలిసింది. ఆంటీ అందరికంటే ముందు ముక్కు ఎగబీల్చింది.

"షుగర్, ఏమిటీ వాసన?"

"బాగుంది కదా ఆంటీ? మీరు ఒవెన్ ఆపడం మర్చిపోయారు. నేను చూసి ఆపాను."

"ఆపావా?" అంది ఆంటీ. "అది మర్చిపోవడం కాదు. శనివారం మేం నిప్పు ముట్టుకోం. అందుకే శుక్రవారమే పెట్టి వదిలేస్తాం. రాత్రంతా అలా ఉడికితేనే అది షోలెట్."

"ఛోలే కాదా?"

"ఛోలే అంటే ఏమిటి?"

ఆవిడ మూత తీసింది. ఎర్రని నూనెలో ఎండుమిరపకాయలు తేలుతూ పైకి చూశాయి.

"గుడ్లేవి?"

"పారేశానండీ. కుళ్ళిపోయి రంగు మారాయి."

"రాత్రంతా ఉడికితే ఆ రంగు రావాలి! అదే వాటి గొప్ప!"

పీటర్ తల్లి భుజం మీంచి తొంగిచూశాడు. "షుగర్, పైన మెరుస్తోందేమిటి? నూనేనా?"

"కాదండీ, నెయ్యి."

"నెయ్యంటే?"

"వెన్న కాచి తీస్తారు," అన్నాను. ఇంకా పొగడ్త వస్తుందన్న ఆశ నాలో ఎక్కడో మిగిలే ఉంది. "పావుకిలో వేశాను."

ఆంటీ టోపీ కూడా తీయకుండా కుర్చీలో కూలబడింది. నాకు అప్పుడు తట్టింది, నెయ్యికి తల్లి వెన్న, వెన్నకి తల్లి పాలు అని. కాళ్ళ కింద నేల చీలితే దూకేద్దామనుకున్నాను. రెండేళ్ళ తర్వాత కొడుకు గడప తొక్కిన రోజున, ఏ తప్పుకి వాణ్ణి వెళ్ళగొట్టిందో ఆ తప్పే, అదే వంటింట్లో, ఆవిడ గిన్నెలోనే, వందరెట్లు చేసి పెట్టాను.

పీటర్ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. గోడ పట్టుకుని నవ్వుతున్నాడు.

"అమ్మా," అన్నాడు ఊపిరి తీసుకుని, "ఒక్క చీజ్ ముక్కకి నాకు రెండేళ్ళు వేశావు. పావుకిలో వెన్నకి ఈ అమ్మాయికి ఎన్నేళ్ళు వేస్తావు?"

"నువ్వు తెలిసి చేశావు. ఈ పిల్ల తెలియక చేసింది," అంది ఆంటీ, నవ్వకుండా.

"అయితే నా తప్పుకి రెండేళ్ళు సరైన లెక్కేనా?"

సూజన్ చంకలోని పిల్ల నానమ్మ టోపీ కేసి చెయ్యి చాపి ఊగుతోంది. ఆంటీ టోపీ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఎక్కువే," అంది. "మూడు నెలలు వేసుంటే సరిపోయేది. కూర్చో."

అంతే. ఇంకెవరూ ఆ విషయం ఎత్తలేదు. కౌగిలింతలు లేవు, కన్నీళ్ళు లేవు. పీటర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మరి దీన్ని మా కుక్కకి పట్టుకెళ్ళనా?" అంది సూజన్, గిన్నె చూపిస్తూ.

"కుక్కకి కూడా పెట్టకూడదు," అంది ఆంటీ. నా వంటకి అంతకంటే పెద్ద తీర్పు అప్పటికీ ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

"అయితే ఏం తిందాం?"

ఫ్రిజ్ తెరిచింది ఆవిడ. శుక్రవారం రాత్రి మిగిలిన కోడి పులుసు చల్లబడి గడ్డకట్టి ఉంది. దోసకాయ సలాడు కొంచెం. జడ రొట్టె సగం. అన్నీ చల్లగానే బల్ల మీదకొచ్చాయి. అయిదుగురికి చాలవు. ఆంటీ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"గుడ్లు ఎప్పుడు తీశావు? వెన్నకి ముందా, తర్వాతా?"

"ముందే ఆంటీ. చాలా ముందు."

"పగిలాయా?"

"లేదు."

పీటర్ లేచి చెత్తబుట్టలోంచి ఆరు గుడ్లూ తీసి కడిగాడు. పెంకు వొలిస్తే లోపల లేత గోధుమ రంగులో నున్నగా మెరుస్తున్నాయి. ఆంటీ వాటిని పొడిపొడిగా తరిగి, ఉల్లిపాయ ముక్కలు, బాతు కొవ్వు, చిటికెడు పాప్రికా కారప్పొడి కలిపింది. రొట్టె మీద పెట్టుకుని తిన్నాం. ఆ రుచి ఎలా చెప్పాలి! పిల్ల రెండు చేతులతో తింది, నానమ్మ ఒళ్ళో కూర్చుని.

ఆ రోజు ఆ వంటలో నేను బాగుచేసిందంతా పాడైపోయింది. పారేసిందొక్కటే పనికొచ్చింది.

ఇనప గిన్నెని ఏం చెయ్యాలో ఆంటీ వాళ్ళ మతగురువుని అడిగి, ఆదివారం ఎర్రగా కాల్చి శుద్ధి చేసుకుంది. నా చేతనే బూడిద తుడిపించింది. పీటర్ మళ్ళీ శనివారం వచ్చాడు, ఆ పై శనివారం కూడా. నేనున్న రెండేళ్ళూ వస్తూనే ఉన్నాడు. నా గది తలుపు తట్టి మరీ "ఇవాళ వంటింట్లోకి వెళ్ళావా?" అని అడిగి, లేదంటేనే బల్ల దగ్గర కూర్చునేవాడు.

జరిగిందంతా అమ్మకి ఏరోగ్రామ్‌లో రాశాను. ఓదారుస్తుందనుకున్నాను. మూడు వారాలకి జవాబొచ్చింది: "నెయ్యి సంగతి అలా ఉంచు. చిక్కుడు గింజలకి పోపు పెట్టేటప్పుడు ఇంగువ వేశావా, లేదా?"

వెయ్యలేదు.

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేసుకునేదేమంటే: పరాయివాళ్ళ గిన్నె మూత నేను ఎత్తను. వాళ్ళ గుడ్లు ఏ రంగులో ఉన్నా పారెయ్యను. ఒవెన్ పదహారు గంటలు కాదు, పదహారు రోజులు వెలిగినా, ఇంటావిడని అడగందే కట్టను. ఈ ప్రమాణానికి ఇన్నేళ్ళుగా కట్టుబడే ఉన్నాను. ఒక్క మా ఆయన వంటకి మాత్రం ఇది వర్తించదు. అది బాగుచెయ్యకపోతే తినలేం.