కలిదిండి బస్సులో హాస్టలు టీచరు

కలిదిండిలో ఏలూరు బస్సెక్కి ఒకావిడ నా పక్కన కూర్చుంది. వెంట పదేళ్ల పిల్ల. దాని పుస్తకాల సంచి కాస్త పట్టుకోమని నాకిచ్చిందావిడ.

"తుఫానులో దీని అమ్మా నాన్నా పోయారండీ. మా చర్చి హాస్టల్లో చదువుకుంటోంది," అంది.

ఇంతలో పిల్ల బాబాయి బస్సెక్కాడు. "చదువెందుకు? రొయ్యల షెడ్డులో పనికి పెడతా," అంటూ పిల్లను జుట్టు పట్టి లాగాడు. ఆవిడ పిల్లను వాటేసుకుంది. అతను ఆవిడ ముఖం మీద పిడికిలితో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. పెదవి చిట్లి చీర మీద రక్తం కారింది.

"చంపినా వదల్నండీ," అందావిడ.

చివరికి కండక్టరూ డ్రైవరూ కలిసి అతన్ని కిందికి తోసేశారు. నేను మాత్రం లేవలేదు. పిల్ల పుస్తకాల సంచిని గుండెకు అదుముకుని కూర్చున్నాను.

ఆవిడ నోరు తుడుచుకుని సంచి అందుకుంది. "జాగ్రత్తగా పట్టుకున్నారు, థాంక్సండీ," అంది.

ఆ థాంక్స్ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.