తరవాణి కుండ

నిన్న దేవేంద్ర నగర్‌లో కొత్తగా పెట్టిన హోటల్లో, నీళ్లలో పులియబెట్టిన అన్నాన్ని రాగి గిన్నెలో పోసి, పైన పుదీనా ఆకు గుచ్చి తెచ్చారు. పక్క బల్లవాళ్లు దానికి ఫొటోలు తీసుకున్నారు. ఆ పుల్లటి వాసనకి నేను గిన్నె పక్కకి జరిపేశాను.

ఈ హిందీ ఊళ్లోనే, మా రైల్వే క్వార్టర్లో నానమ్మకి తరవాణి కుండ ఉండేది. అడుగున పాత పులుపు ఉంచి, రోజూ దాని మీదే కొత్త గంజి పోసేది. పైన తెల్లటి పొర, చుట్టూ ఈగలు. అందులో చద్దన్నం కలుపుకుని ఆవిడ జుర్రుతుంటే నాకు వాంతొచ్చేది.

నా ఎనిమిదో ఏట, మా క్లాసు రీతూ ఇంటికొచ్చి ముక్కు మూసుకుని, "ఎలుక చచ్చిందా?" అని హిందీలో అడిగింది. ఆ పిల్ల వెళ్లగానే కుండంతా మోరీలో ఒంపేశాను.

నానమ్మ తిట్టలేదు.

"యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్కపోతే మా అమ్మ దీంతోనే మమ్మల్ని బతికించింది. పెళ్లయి నేను ఇక్కడికి రైలెక్కుతుంటే ఈ పులుపే చెంబులో పోసిచ్చింది," అంది.

తెల్లదొరలు పోయారు, బొగ్గింజన్లు పోయాయి, చివరికి మేమున్న రాష్ట్రమే చీలి కొత్తదయింది. అన్నాళ్లూ ఆవిడ ఆ పులుపుని చావనివ్వలేదు.

"మళ్లీ పెట్టుకో నానమ్మా, గంజే కదా," అన్నాను.

పెట్టింది. మూడోనాడు రుచి చూసి, "పులిసింది గానీ, మా అమ్మది కాదు," అని కుండ కడిగి బోర్లించేసింది.

నాకు ఇప్పటికీ రోత పుట్టించేది ఆ తర్వాత నేను చేసిన పని. ఇక కంపు లేదని చెప్పి, ఆ సాయంత్రమే రీతూని పిలుచుకొచ్చాను. నానమ్మ మాకు బిస్కెట్లు పెట్టింది.